613 నంబరు కాటేరి

మా చిన్నప్పుడు చిత్తూరు బజారువీధిలో నుంచి పక్కకు చీలే ఒక సందులో అద్దెపుస్తకాల షాపు ఉండేది. అందులో 613 నంబరు పుస్తకాన్ని నేను తక్కువంటే ఏడుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. దానికి అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. రాసిందెవరో, తెలుగు చేసిందెవరో చెప్పే కాగితం మా చేతికి రాకముందే ఏ పకోడీల పొట్లంగానో మారిపోయింది. షాపు మామ దానికి ముదురెరుపు కాలికో గుడ్డతో బైండింగు చేయించి, పైన తెల్లరంగుతో నంబరు వేశాడు. లోపల పేరు కనిపిస్తుంది గనక మేం దాన్ని ‘డ్రాకులా దొర కథ’ అనేవాళ్ళం. మా సందులో ఆ కథ తెలియని ఇల్లు లేదు. అక్షరం ముక్క రాని మా అవ్వ కూడా అందులో ఎవరు ఎప్పుడు చస్తారో వరసపెట్టి చెప్పేది.

పోయిన వేసవిలో, తిరుపతిలో కె.టి. రోడ్డు పక్కనున్న మా ఇంట్లో కూర్చుని ఆ కథను మళ్ళీ చదివాను. ఈసారి ఇంగ్లీషులో, చిరుగుల్లేకుండా, ఇరవై ఏడు అధ్యాయాలూ. షష్టిపూర్తికి అందరూ భగవద్గీత ఇస్తారు, మా అమ్మాయి రక్తపిశాచి పుస్తకం ఇచ్చింది. ఇస్తూ, "చివరి అధ్యాయం చదివినాక మాట్లాడు నాన్నా" అంది. అలా ఎందుకందో తర్వాత చెప్తాను.

ముందు మొదటి పేజీల సంగతి. మా పుస్తకంలో కథ కొండదారిలో, నడిరాత్రి, గుర్రబ్బండి దగ్గర మొదలయ్యేది. తోడేళ్ళు అరుస్తుంటాయి, బండివాడి చెయ్యి ఉక్కులా ఉంటుంది. అంతకుముందు పోయిన పదహారు పేజీల్లో ఎంత భయంకరమైన రహస్యం ఉందోనని నేనూ మా సందు పిల్లలూ గంటలకొద్దీ ఊహించేవాళ్ళం. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత తెలిసింది, అక్కడుంది కోడికూర! జొనాథన్ హార్కర్ అనే ఆ కుర్ర లాయరు దొరకోటకు పోతూ దారిలో హోటల్లో ఎర్రకారం వేసి వండిన కోడికూర తింటాడు. బాగుందనుకుంటాడు, దాహమేసి కూజాలో నీళ్ళన్నీ తాగేస్తాడు, ఎట్లా వండాలో కనుక్కుని, పెళ్ళి చేసుకోబోయే మీనాకు చెప్పాలని డైరీలో రాసుకుంటాడు. సంగటితో కోడికూర తిని పెరిగిన జిల్లావాళ్ళం, ఆ పేజీలు మాకే దక్కకుండా పోయాయి.

షాపు ఎనిమిదడుగుల వెడల్పు. పలకల తలుపు, ఒక్కో పలకమీద సుద్దతో అంకె. వరస తప్పితే చివరి పలక గాడిలో కూర్చోదు. లోపల మూడువైపులా పైకప్పు దాకా అరలు, మధ్యలో స్టూలు, స్టూలు మీద మామ. ఎదురుగా పొడుగాటి చిట్టా. ఇంటికొక పేజీ. అడ్వాన్సు రెండు రూపాయలు, అద్దె రోజుకు పది పైసలు, లావు పుస్తకానికి పదిహేను. ఆ షాపులోకి అడుగుపెడితే ముందు ముక్కుకు తగిలేది మైదా జిగురు వాసన. బైండింగు మామే చేసేవాడు. జిగురు కాచేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేసేవాడు, పురుగు పట్టకుండా. ఫారాలు సర్ది, దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, దారానికి మైనం రాసి కుట్టి, పైన రాయి పెట్టి రాత్రంతా వదిలేసేవాడు. పొద్దున్నే ఆ పుస్తకం ఇటుకలాగా గట్టిపడి ఉండేది. మామూలు పుస్తకం పదిచేతులు మారితే విడిపోతుంది, మామ కుట్టిన పుస్తకం వంద చేతులు తట్టుకునేది. అందుకేనేమో, మా అవ్వ 613ను కూరగాయల సంచిలో అడుగున పెట్టి తెచ్చినా నలగలేదు.

మా సందుకు నేనే పోస్టుమాన్‌ని. సాయంత్రం బడి వదలగానే నా జేబులో చీటీలు పడేవి. ఎదురింటి అక్కకు యద్దనపూడి కొత్తదుంటే యద్దనపూడి, లేకుంటే కోడూరి కౌసల్యాదేవి, అదీ లేకుంటే మాదిరెడ్డి. టీచరమ్మకు రంగనాయకమ్మ, పోయినసారి తెచ్చింది తప్ప. నాకూ నా సావాసగాళ్ళకూ కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్, మధుబాబు షాడో. అద్దె ఒకరిది, చదువు నలుగురిది. ఉదయం అక్క వంట ముగించి చదివితే, మధ్యాహ్నం పక్కింటికి, సందేళకు మా అమ్మ దగ్గరకు. దీపాలు పెట్టేలోపు పుస్తకం మళ్ళీ షాపుకు పోవాల, లేకుంటే రెండోరోజు అద్దె. మామకు ఈ వ్యవహారమంతా తెలుసు. "ఏం అబ్బయా, మీ అమ్మ ఒక్కపూటలో నాలుగొందల పేజీలు చదివేసిందా?" అని అడిగేవాడు, జవాబు కోసం చూసేవాడు కాదు.

పుస్తకాల అంచుల్లో రాతలుండేవి. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే ‘హంతకుడు డాక్టరు’ అని రాసిపెట్టే పాపిష్టివాళ్ళు మా ఊళ్ళో ఉండేవాళ్ళు. వాళ్ళను పట్టుకోవడానికి మామ చాలా అవస్థపడ్డాడు. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేసి, రబ్బరుతో తుడిచి, చిట్టాలో ఆ ఇంటి పేజీలో గీత గీసేవాడు. 613లో మాత్రం తుడవకుండా వదిలేసిన రాత ఒకటుంది. మీనా స్నేహితురాలు లూసీ సమాధి తెరిచే ఘట్టం దగ్గర ఎవరో ఆడమనిషి గుండ్రటి అక్షరాలతో, ‘ఇక్కడ ఆపి దీపం పెట్టుకోండి’ అని రాసింది. ఆ పేజీ వచ్చినప్పుడల్లా నేను లేచి లాంతరు వత్తి పెంచేవాణ్ణి.

డ్రాకులా రాసిన బ్రామ్ స్టోకర్‌కూ ఇదే బుద్ధి ఉందని ఈమధ్యే చదివాను. ఆయన 1890 నుంచి ఏడేళ్ళు లండన్ లైబ్రరీ సభ్యుడు. అక్కడి అరల్లోని ఇరవయ్యారు పుస్తకాల్లో ఆయన డ్రాకులా కోసం పెన్సిలుతో గీసిన గీతలు, రాతలు ఉన్నాయని 2018లో పోల్చుకున్నారు. మామకు దొరికివుంటే జరిమానా కట్టించేవాడు. అసలు డ్రాకులా అన్న పేరే అద్దె పుస్తకంలో దొరికినట్టు లెక్క. 1890 వేసవిలో స్టోకర్ విట్‌బీ అనే సముద్రపుటొడ్డు ఊరికి సెలవలకు పోయి, అక్కడి చందా లైబ్రరీలో వాలాకియా, మోల్డావియా దేశాల మీద విల్కిన్సన్ రాసిన పుస్తకం తిరగేస్తుంటే ఆ పేరు కంటబడింది. ట్రాన్సిల్వేనియాను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఆ కొండలు, కోట, తోడేళ్ళు అన్నీ పుస్తకాల్లో ఏరుకున్నవే. 1897లో నవల వచ్చింది.

కరెంటు పోయిన రాత్రుళ్ళు వసారాలో లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళం. చదవడం నా వంతు. అవ్వ రోట్లో ఆకూవక్క దంచుకుంటూ వినేది. మొదటిసారి దొర గోడమీద తలకిందులుగా పాకే చోటు చదివినప్పుడు పిల్లలమంతా బిగుసుకుపోతే, అవ్వ రోకలి ఆపి, "ఒరే, వాడు మన రక్తకాటేరే గదరా! కోటు తొడిగి మీసాలు పెట్టినారు, అంతే" అంది. మా అమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

అవ్వ మాట తీసిపారేసేది కాదు. చిత్తూరు 1911లో జిల్లా అయిందిగానీ, అంతకుముందు చాలాభాగం ఉత్తర ఆర్కాటులో ఉన్న నేల. అరవం, తెలుగు కలిసే నడిచాయి. అక్కడ కాట్టేరి, ఇక్కడ కాటేరి. రక్తం తాగే దయ్యానికి మాకు ఇంగ్లీషు పేరు అక్కర్లేకుండానే పేరుంది. బాలింతల జోలికి వస్తుందని, వేపమండ, ఇనపముక్క దగ్గరుంటే రాదని అవ్వ చెప్పేది. దొరను వెల్లుల్లిపూలతో, శిలువతో ఆపడం చదివితే, "ఎవురి మందు వాళ్ళది" అని తల ఊపింది. ఇంట్లోవాళ్ళు పిలిస్తేగానీ వాడు మొదటిసారి గడప దాటలేడన్న చోట మాత్రం ఆమెకు నవ్వొచ్చింది. "పిలిస్తేనే వస్తాడా? మన అల్లుళ్ళ కంటే మర్యాదస్తుడే!"

తొంభైల్లో ఆంధ్రలో ఆడదయ్యం రాకుండా ఇళ్ళ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు కదా, అప్పటికి అవ్వ లేదు. ఆ రాతలు చూసినప్పుడల్లా నాకు ఆమె నవ్వే గుర్తొచ్చేది. సరిహద్దు దాటితే కన్నడంలో ‘నాళె బా’. ఆ దయ్యానికీ పిలుపు పట్టింపే. రేపు రమ్మంటే రేపు వస్తుంది, రేపు మళ్ళీ అదే రాత చదువుకుని పోతుంది. స్టోకర్‌కు ఈ ఉపాయం తట్టివుంటే నవల నాలుగు అధ్యాయాల్లో ముగిసేది.

ఇంకో తమాషా. చందమామలో నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ చూసి పెరిగాం మనం. శంకర్ వేసిన ఆ చెట్టు, ఆ ఊడలు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి. మన భేతాళుడు రక్తం తాగడు, కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు. కానీ 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథల్ని ఇంగ్లీషులో రాసినప్పుడు భేతాళుణ్ణి వాంపైర్ అనేశాడు. పుస్తకం పేరే విక్రముడు, వాంపైర్ అని. ఈ బర్టన్‌ను స్టోకర్ ఎరుగును. మాట్లాడేటప్పుడు పెదవి లేచి ఆయన కోరపన్ను కనబడేదని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు కూడా. చందమామ కట్టలు మామ షాపులో కింది అరలో ఉండేవి, వాటికి అద్దె లేదు, అక్కడే నేలమీద కూర్చుని చదువుకుని పోవచ్చు. అదీ మామ లెక్క.

డిగ్రీకి 1981లో తిరుపతి వచ్చాను. అప్పటికి దయ్యాల గాలి తెలుగునాట ఇంకో దిక్కునుంచి వీస్తోంది. యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి నవల ‘తులసిదళం’ మోత. వారపత్రికల సీరియళ్ళ కోసం లీలామహల్ దగ్గర బంకుముందు ఎగబడి కొని, అక్కడే నిలబడి చదివేసి, తర్వాత పేజీలు పిన్నులూడదీసి దాచుకునేవాళ్ళు. సీరియలు అయిపోయాక ఆ ముక్కలన్నీ వరసపెట్టి బైండింగుకిచ్చేవాళ్ళు. వెనకపక్క వంటల శీర్షిక సగం, రాశిఫలాలు సగం కనిపిస్తుండేవి. అచ్చయిన నవల ఎంత బావున్నా ఆ కత్తిరింపుల పుస్తకం అంత రుచి ఇవ్వదు. ‘తులసిదళం’లోని క్షుద్రశక్తి పేరు కాష్మోరా హాస్టల్లో తిట్టుగా కూడా వాడుకలోకొచ్చింది. రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని విరుచుకుపడితే మా గదిలో రెండు పార్టీలయ్యాయి. నేనప్పుడు యండమూరి పక్షం. ఇప్పుడడిగితే నీళ్ళు నములుతాను. చేతబడి చేశారన్న అనుమానంతో పక్కింటి ముసలివాళ్ళను కొట్టిచంపిన వార్తలు మన పేపర్లలో చాలాసార్లు చదివాం. డ్రాకులా దొర వల్ల ఆ బెడద లేదు, వాడు మన పక్కింట్లో ఉండడు.

ఇంగ్లీషు పుస్తకం చదువుతుంటే ఆ కత్తిరింపుల కట్టే కళ్ళముందు మెదిలింది. డ్రాకులా నవల కూడా అలాంటిదే. అందులో కథ చెప్పే మనిషంటూ ఒకరు లేరు. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు ముక్కలు. వాటన్నిటినీ తేదీలవారీగా సర్ది టైపు కొట్టి ఒక్క కట్టగా చేసేది మీనా. దొర వచ్చి అసలు కాగితాలు తగలబెట్టేస్తాడు. ఇనప్పెట్టెలో ఇంకో నకలు ఉండబట్టి కథ మిగులుతుంది. చిన్నప్పుడు ఆ అధ్యాయం నాకు విసుగు, పేజీలు తిప్పేసేవాణ్ణి. ఇప్పుడదే చాలాసేపు చదివాను. దొరను వెంటాడేది మగవాళ్ళేగానీ, పట్టిచ్చేది ఆ బైండింగే.

ఇక చివరి అధ్యాయం.

613కి మొదలే కాదు, తుదీ లేదు. మామ దాన్ని మద్రాసు మూర్ మార్కెట్లో పాతపుస్తకాల కుప్పలోంచి తెచ్చాడు. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి పోయి గోనెసంచి నిండా తెచ్చేవాడు. ఆఖరి ఫారం పోయిన పుస్తకాన్ని అద్దెకిస్తే జనం కొట్టేస్తారు కదా. అందుకని చిట్టా కాగితాలు రెండు చింపి మడిచి, నాలుగు పేజీల్లో ఊదారంగు సిరాతో చేత్తో రాసి, చివర కలిపి కుట్టేశాడు. ఇంకెక్కడో మంచి ప్రతి సంపాదించి ఎత్తిరాశాడని మేమందరం నమ్మాం. నమ్మకేం చేస్తాం, చేతిరాత అంత పొందిగ్గా ఉండేది, ఒక్క కొట్టివేత లేదు.

ఆ నాలుగు పేజీల్లో ఏముందంటే, పొద్దుగూకుతుంది, మంచు పడుతుంది, బండిమీద దొర పెట్టె. మగవాళ్ళు గుర్రాల మీద తరుముతారు, ఎవరి కత్తీ వాడికి తగలదు. అప్పుడు మీనా కొండమీంచి దిగొస్తుంది. జుట్టు విరబోసుకుని ఉంటుంది. మొగుడి చేతిలో కత్తి లాక్కుంటుంది. వాడు నవ్వుతూ, రా అని పిలుస్తాడు. పిలిచింది నువ్వే గదా, వచ్చినా, అంటుంది మీనా. ఒక్క వేటుకు తల తెగి మంచులో దొర్లుతుంది. ఆమె ఆ తలను జుట్టుపట్టి ఎత్తి ఊరికి చూపిస్తుంది. ఊళ్ళో జనం వేపాకు తోరణాలు కట్టి ఆమెను ఊరేగిస్తారు.

ఆ మంచుకొండల్లో వేపచెట్టు ఎక్కడిదని అప్పుడు నాకు తట్టలేదు. అవ్వకైతే ఆ ముగింపంటే ప్రాణం. ఆ నాలుగు పేజీలు రెండుసార్లు చదివించుకునేది. 613 మా సందులో అన్నిసార్లు తిరిగిందంటే ఆ పేజీల వల్లే.

స్టోకర్ రాసింది వేరు. మీనా మంచులో ఒక రాతిచాటున ప్రొఫెసరు వాన్ హెల్సింగ్ పక్కన నిలబడి చూస్తుంటుంది. జొనాథన్ కుక్రీతో గొంతు కోస్తాడు, క్విన్సీ అనే అమెరికావాడు గుండెలో కత్తి దింపుతాడు, దొర ధూళి అయిపోతాడు. క్విన్సీ చచ్చిపోతాడు. ఆ కుక్రీ నేపాలు కొండల గూర్ఖా కత్తి, అదొక్కటే మనవైపునుంచి పోయింది. పుస్తకం మూసి రెండురోజులు మా అమ్మాయితో మాట్లాడలేదు. ‘మీనాయే చంపుతుంది’ అని నలభై ఏళ్ళుగా కనబడినవాళ్ళందరికీ చెప్పినవాణ్ణి, ఆమెతో పందెం కూడా కాశాను.

మూడోరోజు తాతయ్యగుంట వైపు నడుస్తుంటే వెలిగింది. గంగమ్మ జాతర వెళ్ళి నెల కాలేదు. దాని కథ ఇది. తిరుపతిలో ఆడపిల్లల్ని చెరబట్టే పాళెగాడు గంగమ్మ చెయ్యి పట్టుకోబోయి, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. ఆమె రోజుకొక వేషంతో వీధులు గాలిస్తుంది. బైరాగి, బండ, తోటి. చివరికి దొరవేషంలో వస్తే, దొర వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు. తల తెగుతుంది. ‘పుష్ప’ రెండో భాగం తర్వాత మాతంగి వేషం దేశమంతా తెలిసింది గానీ, నన్నడిగితే అసలు ఘట్టం దొరవేషమే. మామది పుట్టుక తిరుపతి, పెళ్ళి చేసుకుని చిత్తూరు వచ్చాడని మా అమ్మ ఎప్పుడో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఎవరి పుస్తకం చూసీ ఎత్తిరాయలేదు. పేజీలు లేని చోట తనకు తెలిసిన కథను వేసి కుట్టాడు.

నా మటుకు నాకు మామ ముగింపే మేలైనది. స్టోకర్ మీనా చేత పుస్తకమంతా పని చేయించి, చివర రాతిపక్కన నిలబెట్టేశాడు. మామ ఆ అన్యాయం చేయలేదు.

1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ తర్వాత మామ మద్రాసు పోవడం తగ్గించాడు. టీవీ వచ్చాక సాయంత్రం చీటీలు తగ్గాయి. షాపు సగంలో వీడియో క్యాసెట్లు పెట్టాడు, వాటి మీద కూడా తెల్లరంగుతో నంబర్లే. తర్వాత అది ఎస్టీడీ బూత్ అయింది, తర్వాత రీచార్జి కొట్టు. పుస్తకాలను తూకానికి అమ్మేశారని మా అమ్మ ఫోన్లో చెప్పింది. నేను తిరుపతిలో ఆఫీసులో ఉన్నాను. సెలవు పెట్టి పోయుండాల్సింది, పోలేదు. మామ పోయినప్పుడూ పోలేదు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు, తలుపు ఇనప షట్టరు.

తూకానికి పోయినవన్నీ గుజ్జు అయిపోయాయని నేననుకోను. మామ కుట్టిన పుస్తకం అంత తేలిగ్గా చిరగదు. చిత్తూరులోనో పలమనేరులోనో పుత్తూరులోనో, మీ ఇంటి అటక మీద ముదురెరుపు గుడ్డ అట్టతో, తెల్లరంగుతో 613 అని రాసిన పుస్తకం కనిపిస్తే, దయచేసి పారేయకండి. ఊదారంగు సిరాతో రాసిన చివరి నాలుగు పేజీలు ఫోటో తీసి ఈ పత్రికకు పంపండి, నాకు చేరుస్తారు. పుస్తకం మీరే ఉంచుకోండి.